మిక్సర్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

పండక్కి మార్కాపురం వెళ్తే మా మేనల్లుడు డీజే మిక్సర్ గొడవలో ఉన్నాడు. టర్న్‌టేబుళ్ళు రెండు సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయట. "మామా, ఎఫెక్టులు ఎక్కువున్నది తీసుకుందామా?" అన్నాడు. పలకల ఫ్యాక్టరీ జీతంలోంచి మా బావ దాచిన డబ్బు అది. నేను తప్పు చెబితే పోయేది వాళ్ళది.

సాఫ్ట్‌వేరోళ్ళకి అన్నీ తెలుసని ఊళ్ళో నమ్మకం కదా :) నేను చెప్పిందల్లా ఇదీ. మిక్సర్ వెనక "ఫోనో" ఇన్‌పుట్లు రెండు, పక్కనే ఎర్తు వైరు బిగించే స్క్రూ ఉండాలి. మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. దాన్ని దాదాపు వంద రెట్లు పెంచాలి, రికార్డు చేసేటప్పుడు కావాలని తగ్గించిన బేస్‌ని తిరిగివ్వాలి. లైన్ ఇన్‌పుట్‌కి పెడితే దోమ పాడినట్టుంటుంది. ఎర్తు లేకపోతే గుయ్‌మని మోత. ఊరేగింపుల డీజేలు ల్యాప్‌టాప్‌తో కానిచ్చేస్తారు గనక వాళ్ళకి ఈ బాధ లేదు. తర్వాత చూడాల్సింది క్రాస్‌ఫేడర్ మార్చుకునే వీలుందా అని, ఎక్కువ అరిగేది అదే. ఎఫెక్టులు ఆఖర్న.

నాన్న నవ్వాడు. "నా మైకుసెట్టుకి ఇయ్యన్నీ యాడున్నాయిరా? ఆంప్లిఫయర్‌కి నేరుగా పెడితే గిద్దలూరు పెళ్ళిళ్ళలో ఊరంతా ఇనపడేది!"

నిజమే. ఆయన ప్లేయర్‌లో ఉన్నది క్రిస్టల్ కార్ట్రిడ్జి, వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆయన అనుభవమూ తప్పు కాదు, యంత్రం వేరు.

చివరికి ఫోనో ఉన్న పాత రెండు చానళ్ళ మిక్సరే తెచ్చాం. మొదట పెట్టింది అటక మీది నాన్న ఎల్పీ. ఆయన లేచొచ్చి, వాడి చెయ్యి పక్కకి నెట్టి, సూది తనే దించాడు.