విఠలాచార్యుని దయ్యములు

మా తరగతిలోని ఏడవ తరగతి బాలుడొకడు పాఠము నడుమ లేచి, "సార్, బాణామతి నిజమేనా?" అని యడిగెను. కాదని యొక్క మాటతో వానిని కూర్చుండబెట్టితిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రత్యుత్తరము మాకే చాలదని తోచెను. ఆ బాలునిది శామీరుపేట ప్రాంతము. ఆ మండలములోని అద్రాసుపల్లిలో 2019 సెప్టెంబరున ఒక స్త్రీ చితి కాలుచుండగా, ఆమె చావునకు చేతబడియే కారణమని యనుమానించి, ఒక యువకుని చంపి ఆ చితిపైననే పడవైచిరి. టీకామందులకు పేరొందిన జీనోమ్ వ్యాలీయు, న్యాయశాస్త్రము బోధించు నల్సారు విశ్వవిద్యాలయమును ఆ చుట్టుపట్లనే యున్నవి!

మొదట మా కోపము సినిమాలమీదికి పోయెను. ఇంటింట దయ్యములను నాటినవాడు విఠలాచార్యుడే కదా యనుకొంటిమి. 1920లో ఉడుపి ప్రాంతమున పుట్టి, చదువు అంతంతమాత్రమే యైనను, అరసికెరెలో టూరింగు టాకీసు నడిపి, కన్నడ చిత్రములు తీసి, పిమ్మట మద్రాసు చేరి, 1999లో మరణించునప్పటికి డెబ్బదివరకు చిత్రములు తీసిన గట్టివాడాయన. ధనమును నీళ్లవలె పోయువాడు కాడు. ఒక చిత్రమునకు వేసిన సెట్టునే మఱియొకదానికి వాడుకొనెడివాడు. నటుడెవడైన మొండికెత్తినచో వాని పాత్రను చిలుకగా మార్చి కథ నడిపించెడివాడని నేటికిని చెప్పుకొందురు.

ఆయన 1978లో తీసిన జగన్మోహినిని మేము బాల్యమున మేడ్చలులో మేనమామగారి యింట వీడియోలో చూచితిమి. కట్టెలకు మారుగా తన కాలినే పొయ్యిలో పెట్టి వండుకొను ఆ దయ్యమును చూచి మా అమ్మమ్మ కన్నీరు వచ్చునంతగా నవ్వెను. ఆ నవ్వు జ్ఞప్తికి రాగా మా కోపము కొంత సడలెను. ఆ దయ్యమునకు ఊరు లేదు, ఇంటి నంబరు లేదు. బాణామతి యట్టిది కాదు. దాని వేలు ఎల్లప్పుడును పొరుగింటివైపే చూపును. ఆ వేలి వెనుక గట్టు తగవో, పాత పగయో యుండును. అట్లని ఆచార్యుని పూర్తిగా విడిచిపెట్టలేము. ఆయన కథలలో మాంత్రికుని మంత్రము పారును గదా!

మఱునాడు తరగతిలో మా ఫోనుతో ఒక దయ్యమును చేసి చూపితిమి. చిత్రీకరణ ఆపి, బాలుని పక్కకు తప్పించి, మరల మొదలుపెట్టినంతనే వాడు మాయమయ్యెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. ప్రశ్న వేసిన బాలుడు మాత్రము నవ్వలేదు. గంట కొట్టిన తరువాత మా వెంట వచ్చి, "మా చిన్నమ్మకు మూడు నెలల సంది కడుపునొస్తుంది సార్. ఎనకింటి ముసలామె చేసిందని మా తాత అంటుండు" అనెను.

ఆ ఆదివారమే వారి యింటికి పోతిమి. తాత మాకు కుర్చీ వేసి, చాయ తెప్పించి, సినిమా మోసముల గూర్చి మేము చెప్పినదంతయు ఓపికగా వినెను. "అదంత సినిమా సారూ, మాకు ఎరుకలేదా?" అనెను. నిజమే, వారికి తెలియనిది అది కాదు. అంతట సినిమాలను వదలి, ఆసుపత్రికి తీసికొని పోవుటను గూర్చియే మాటలాడితిమి. గంటన్నర పట్టెను. మేమును వెంట వత్తుమన్న మీదట ఒప్పుకొనెను.

పరీక్షలో పిత్తాశయమున రాళ్లున్నవని తేలినది. చిన్నమ్మకు శస్త్రచికిత్స జరిగి నెల దాటినది. అన్నము బాగుగనే తినుచున్నదట. వెనుకింటి ముసలామె మాత్రము ఇంకను చీకటి పడిన తరువాతనే కిరాణా కొట్టునకు వచ్చుచున్నదని ఆ బాలుడు చెప్పెను.