మా వీడియో గేమ్ నేర్పిన పాఠం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, మెస్ గురించి చాలామంది రాస్తారు. మా బ్యాచ్ వాళ్ళం కలిసి ఈసారి ఒక ప్లాస్టిక్ డబ్బా గురించి రాస్తున్నాం. అది 2003-04లో మా హాలులో ఉండిన వీడియో గేమ్ సెట్టు. దానికి బొమ్మ పోయినప్పుడు మేము చేసిన పని ఇప్పటి తమ్ముళ్ళకు పనికొస్తుందని మా నమ్మకం.

ముందు ఆ సెట్టు సంగతి చెప్పాలి. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. తర్వాత దానికి నకళ్ళు ఎన్నో దేశాల్లో వచ్చాయి. 1990లలో మన దేశంలో సమురాయ్ వంటి పేర్లతో అమ్మినవి ఆ తరహావే. మారియో, కాంట్రా ఆడిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మాది ఏ పేరూ లేని సెట్టు. బళ్ళారిలో పనిచేసే మన పాత విద్యార్థి ఒకాయన సెకండ్ హ్యాండులో కొని తెచ్చి ఇచ్చాడు. ఆదివారం మాత్రమే ఆడుకోవాలని వార్డెన్ సార్ షరతు పెట్టారు.

ఒక ఆదివారం సాయంత్రం ఏడు గంటలప్పుడు తెర మీద బొమ్మ మసకబారింది. రెండు నల్లటి అడ్డపట్టీలు మెల్లగా పైకి పాకసాగాయి. కాసేపటికి రంగులు పోయాయి. మారియో ముక్కలు ముక్కలుగా కనబడ్డాడు. శబ్దం మాత్రం వస్తూనే ఉంది. అప్పుడు ఆడుతున్నది ఆరో తరగతి తమ్ముడు. "వాడే వైరు గుంజినాడు, వాడే చెడగొట్టినాడు" అని హాలంతా ఒకటే గోల. రిపేరు ఖర్చు వాళ్ళ ఇంటి నుంచి తెప్పించాలని కొందరు పట్టుబట్టారు. వాళ్ళ నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి పోయేవాడు. మరుసటి రోజు ఆ పిల్లవాడు ట్రంకుపెట్టె సర్దుకొని, "నేను ఊరికి పోతాన్నా, ఇంక రాను" అన్నాడు. కరువు సీమలో హాస్టల్ విడిచి ఊరికి పోయిన పిల్లవాడు మళ్ళీ బడికి రావడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. వచ్చే ఆదివారం దాకా ఆగమని మేమందరం వాడిని బతిమాలాం.

ఆ ఆదివారం ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న సీనియర్ అన్న వచ్చాడు. "ముందు సెట్టును చూద్దామప్పా, పిల్లోని మాట తర్వాత" అన్నాడు. బజారులో రేడియోలు బాగుచేసే ఒకాయనను అడిగితే మల్టీమీటరు ఒక పూటకు ఇచ్చాడు. అన్న మాకు పెట్టిన నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చాలి, ఏం జరిగిందో నోటుబుక్కులో రాయాలి.

మొదట టీవీ. గేమ్ తీసేసి దూరదర్శన్ పెట్టాం. బొమ్మ శుభ్రంగా వచ్చింది. కాబట్టి టీవీలో లోపం లేదు.

రెండవది వైరు. ఆ సెట్టు నుంచి బొమ్మ రెండు దారుల్లో టీవీకి పోతుంది. ఒకటి యాంటెన్నా వైరు. సెట్టు లోపల మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా ఉంటుంది. అది బొమ్మనూ శబ్దాన్నీ చిన్న టీవీ కేంద్రం లాగా ఒక ఛానల్ మీదికి ఎక్కించి పంపుతుంది. రెండవది పసుపు పిన్ను ఉండే ఏవీ వైరు. ఇందులో ఛానల్ పని లేకుండా బొమ్మ నేరుగా పోతుంది. రెండు దారుల్లోనూ పెట్టి చూశాం. రెండింటిలోనూ అదే జబ్బు. దారులు రెండూ ఒకేసారి చెడిపోవు గనుక, లోపం అవి చీలక ముందే ఉందని అన్న చెప్పాడు. వైరు గుంజినందువల్ల కాదని అప్పుడే సగం తేలిపోయింది.

మూడవది క్యాసెట్. దాని అడుగున రాగి పళ్ళ మీద తెల్లటి పొడి పేరుకొని ఉంది. తాడిపత్రిలో బండల పాలిష్ దుమ్ము చేరని చోటు ఏది? దూదిని స్పిరిట్‌లో తడిపి తుడిచి, బాగా ఆరనిచ్చి పెట్టాం. మారియో ముక్కలు కావడం ఆగింది. పట్టీలు మాత్రం ఉన్నాయి, అవీ పలుచగా. అంటే ఉన్న లోపం ఒకటి కాదు, రెండు.

సాయంత్రం ఏడింటికి మళ్ళీ పెట్టాం. పట్టీలు మళ్ళీ ముదిరాయి. నోటుబుక్కు చూస్తే ఉదయం తక్కువ, సాయంత్రం ఎక్కువ అని ఉంది. అన్న ప్లగ్గులో వోల్టేజి చూశాడు. 230 ఉండవలసింది 170 ఉంది. ఊరంతా లైట్లు వేసే వేళ అది. తొమ్మిది వోల్టుల అడాప్టరు ఏడు కూడా ఇవ్వడం లేదు. సెట్టు లోపల 7805 అనే మూడు కాళ్ళ భాగం వచ్చిన కరెంటును సరిగ్గా 5 వోల్టులు చేసి ఇస్తుంది. అలా ఇవ్వాలంటే దానికి సుమారు 7 వోల్టులు అందాలి. అందకపోతే కరెంటులోని అల అలాగే బొమ్మలోకి వస్తుంది. అడాప్టరు దిద్దిన కరెంటులో సెకనుకు 100 అలలు ఉంటాయి. మన టీవీ సెకనుకు 50 సార్లు తెరను గీస్తుంది. కాబట్టి ఒక్కో గీతకు రెండు అలలు, తెర మీద రెండు పట్టీలు. లెక్క సరిపోయినప్పుడు మాకు కలిగిన సంతోషం గేమ్ గెలిచినప్పుడు కూడా కలగలేదు.

మరి టీవీకి ఏమీ కాలేదెందుకు? టీవీ స్టెబిలైజర్ మీద ఉంది. అడాప్టరు మాత్రం గోడ ప్లగ్గులో ఉంది! దాన్ని తీసి స్టెబిలైజరుకే తగిలించాం. పట్టీలు దాదాపు పోయాయి. సెట్టు మూత విప్పితే 7805 ముందున్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు తల ఉబ్బి ఉంది. అలను సర్దేది అదే. సబ్బుకు, నూనెకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల్లోంచి తలా కొంచెం వేసుకొని కొత్తది కొన్నాం. ప్లస్సు, మైనస్సు చూసి అన్న టంకం పెట్టాడు. తెర తేటగా వచ్చింది.

ఆ రాత్రి నోటుబుక్కును హాలులో గట్టిగా చదివి వినిపించాం. దుమ్ము, వోల్టేజి, కెపాసిటరు. వీటిలో ఏ ఒక్కటీ ఆ పిల్లవాడు చేసినది కాదు. వాడి ట్రంకుపెట్టె తిరిగి మంచం కిందికి చేరింది. పదవ తరగతి మన హాస్టల్లోనే ఉండి పాసయ్యాడు.

తమ్ముళ్ళకు ఇంకొన్ని మాటలు. పాత బుడ్డి టీవీలను ఎప్పుడూ విప్పవద్దు. వాటిలో వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసినా కొంతసేపు నిలిచి ఉంటాయి. విదేశాల నుంచి తెచ్చిన సెట్టులో బొమ్మ నలుపు తెలుపుగా దొర్లుతుంటే అది చెడిపోయిందని అనుకోవద్దు. మన పాల్ పద్ధతి 625 గీతలు, సెకనుకు 50 సార్లు. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ 525 గీతలు, 60 సార్లు. అది పద్ధతుల తేడా కావచ్చు. ఇప్పటి టీవీల్లో చాలావాటికి పసుపు సాకెట్టు లేదు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. అయితే ఈ పాత గేములు పంపే బొమ్మను కొన్ని కొత్త టీవీలు గుర్తించక 'నో సిగ్నల్' అంటాయి. అప్పుడు కూడా సెట్టును పారేయకముందు మరో టీవీలో పెట్టి చూడండి.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున హాస్టల్‌కు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఇస్తున్నాం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయవద్దని వార్డెన్ సార్‌కు మా మనవి. హాస్టల్లో ఏ వస్తువు చెడినా, "ఎవరు చేసినారు?" అని అడిగే ముందు ఆ నోటుబుక్కు తెరిచి, "ఎక్కడిదాకా బాగుంది?" అని రాయడం మొదలుపెట్టండి.