పేరు మార్చిన కంపు పోవునా?

మేము కళాశాలలో చదువుచుండిన దినములలో శామ్యూల్ పీప్స్ అను ఆంగ్లేయుని దినచర్య మా చేతికి వచ్చినది. 1660వ సంవత్సరమున నొకనా డతడు తన నేలమాళిగలోనికి దిగగా, పొరుగువారి “హౌస్ ఆఫ్ ఆఫీస్” నిండి పొరలి తన మాళిగలోనికి వచ్చియుండెనట! ఆఫీసు నిండి పొరలుట యేమి? కాగితములు కాబోలునని మేము తలచితిమి. నిఘంటువు తెఱచి చూడగా నది కచేరీ కాదు, మరుగుదొడ్డి యని తేలినది. కడుపుబ్బ నవ్వుకొంటిమి.

నాటినుండి యిట్టి మాటలను వెదకుట మాకొక వినోదమైనది. పదునాఱవ శతాబ్దమున ఆంగ్లేయులు దీనిని “జేక్స్” అనిరి. మొదటి ఎలిజబెత్తు రాణి కొలువులోని సర్ జాన్ హారింగ్టన్ 1596లో, నీటితో కడుగబడు మరుగుదొడ్డిని వర్ణించుచు గ్రంథమొకటి వ్రాసి, ఆ మాటపై శ్లేషగా గ్రీకు వీరుడగు అజాక్స్ పేరును దానికి తగిలించెను. “ప్రివీ” యనగా రహస్యమైన చోటు. “నెసెసరీ హౌస్” అనగా అవసరపుటిల్లు. “లావెటరీ” యనగా కడుగుకొను తావు. “టాయిలెట్” మొదట ఫ్రెంచివారి చిన్నగుడ్డ, పిదప నది పఱచిన యలంకారపు బల్ల, తుదకు మరుగుదొడ్డి!

ప్రతి మాటయు వచ్చునపుడు శుభ్రముగనే వచ్చినది. కొంతకాలమునకు వస్తువు కంపు మాట కంటినది. అంతట దానిని మైలబట్టవలె విడిచి, వేఱొక మడిబట్ట కట్టుకొనిరి. మనమును తక్కువవారము కాము. పెరటి పేరగు “దొడ్డి” ని వాడితిమి, “బయటికి” అంటిమి, “చెంబు పట్టుకొని పోయినా” డంటిమి. ఇప్పుడు స్నానపుగది పేరగు “బాత్రూము” ను ఆంగ్లేయులయొద్ద నెరవు తెచ్చుకొంటిమి.

పాఠకమహాశయులారా! ఇంతవరకు నవ్వులాటయే. కాని చెప్పరాని మాటకు మూల్యము చెల్లించువా రెవరు? 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమున జార్జి జెన్నింగ్స్ అనునతడు నెలకొల్పిన మరుగుదొడ్లకు ఎనిమిది లక్షల పైచిలుకు జనులు తలకొక పెన్నీ యిచ్చి పోయిరి. ఇట్టి రుసుమునుండియే “పెన్నీ ఖర్చుపెట్టుట” యను పలుకుబడి పుట్టినది. అయితే ఆ దేశపు వీథులలో పురుషులకు మూత్రశాలలు సాధారణముగా నుచితములు. స్త్రీలు మాత్రము పెన్నీ యీయవలసినదే. పెక్కుచోట్ల వారికా వసతియే లేదు. సెయింట్ పాంక్రస్ స్థానికసభలో సభ్యుడుగా నుండిన బెర్నార్డ్ షా స్త్రీలకు మరుగుదొడ్డి కావలెనని వాదింపగా, ఆ ప్రసక్తియే అసభ్యమని పెద్దమనుష్యులు ముఖము త్రిప్పుకొనిరి. 1909లో స్త్రీల వోటుహక్కును గూర్చి వ్రాసిన వ్యాసపు పేరులో నతడు “నోట పలుకరాని” యను విశేషణము నుంచుట యూరక కాదు. పలుకరానిదానిని సభలో నడుగువా రెవరు? అడుగనిదానిని కట్టించువా రెవరు?

ఈ ప్రశ్న మాకు పుస్తకములనుండి రాలేదు. మా యింటనుండి వచ్చినది. మా తల్లిగారు బస్సు ప్రయాణమనగా ముందునాటి సాయంకాలమునుండియే నీరు త్రాగుట మానెడివారు. మేము ప్రక్కన కూర్చుండి, “దాహము లేదా అమ్మా?” యని యడిగిన, “లేదు నాయనా” యనెడివారు. మేము నమ్మితిమి. ఇట్లు పెక్కేండ్లు గడచినవి. తుదకు మూత్రవ్యాధితో మంచము పట్టినప్పుడు వైద్యుడు, “ప్రయాణములలో నీరు త్రాగుదురా? ఆపుకొనుచుందురా?” యని యడిగెను. ఆమె మావంక చూడక, మా చెల్లెలి చెవిలో నేమో చెప్పినది. చెల్లెలు మాకు తెలిపిన దేమనగా: “దాహము లేక కాదు, దిగినచోట అన్నయ్య నడుగుటకు నోరు రాక.”

పీప్స్ కాలమునుండి నేటివరకు ఆంగ్లేయుల మాటలు పది యేకరువు పెట్టగల మాకు, కన్నతల్లిని “దొడ్డికి పోవలెనా అమ్మా?” యని యడుగుటకు ఒక్క తెలుగుమాట నోట రాలేదు! ఆనాడు మా పాండిత్యము మాకే రోతయైనది.

ఆమె కోలుకొన్న పిమ్మట మేము చేసిన సంస్కార మొక్కటే. బస్సు ఆగినతోడనే మేమే ముందు దిగి, మరుగుదొడ్డి యెక్కడనో, తలుపునకు గడియ యున్నదో లేదో, నీరున్నదో లేదో కనుగొని వచ్చి, “అమ్మా, పోయి రా” యని బిగ్గఱగనే చెప్పుచుంటిమి. మొదట నామె సిగ్గుపడినది, పిదప నవ్వినది, పిదప ప్రయాణములలో నీరు త్రాగినది.

పేరు ఏదియైన నేమి? ఆంగ్లమైన నేమి, తెలుగైన నేమి? ఇంటిలోని స్త్రీ దానిని వెఱపులేక పలుకగలిగిననాడే ఆ మాట శుభ్రమైనది.