ఇంకో నెల చూడన్నా

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో మాట వినపడదు. చెవులు బాగున్నవాళ్లూ చేతి సైగలతోనే పని నడుపుకుంటారు. ఆ మోతలో, కండెలు చుట్టే మిషన్ దగ్గర మేధోవైకల్యం ఉన్న ఓ యువకుణ్ని చూశాను. నిండిన కండె తీసి డబ్బాలో వేస్తున్నాడు, ఖాళీది ఎక్కిస్తున్నాడు, తెగిన దారం ముడివేస్తున్నాడు. అతనికి లెక్కపెట్టడం రాదు. అందుకే మగ్గాలు నడిపించే ఆసామి డబ్బా లోపల ఎర్ర గీత గీశాడు. గీత దాకా నిండితే పక్కన పెట్టాలి, అంతే.

"మొదట్ల దారమంత చిక్కుచేసిండు సార్. వద్దనుకున్న. ఇంకో నెల చూడన్నా అని వాళ్లమ్మ బతిమాలింది. ఇప్పుడు కండెల కోసం మగ్గం ఆగుడు లేదు" అన్నాడు ఆసామి.

ఆ తల్లి బతిమాలి సంపాదించిన గడువు అమెరికాలో హక్కు. ఎంత తీవ్రమైన వైకల్యమున్నా, ఉపాధి పునరావాస సేవలకు పనికిరారని తేల్చే ముందు నిజమైన పనిచోట, తగిన సాయమిచ్చి, రకరకాల పనులు తగినంత కాలం చేయించి చూడాలని అక్కడి పునరావాస చట్టం చెబుతుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం కోటా ఇచ్చింది. పని చేయించి చూడాలన్న మాట మాత్రం అందులో లేదు.

కోరుట్లలో బీడీలు చుట్టే ఒక తల్లిని కలిశాను. కొడుకు పక్కనే కూర్చుని కట్టలకు దారం చుడుతున్నాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వెళ్లాడు, ఆ తర్వాత ఇల్లే. "సదరం కాగితంల ఎనభై శాతం వైకల్యమని రాసిండ్రు సారూ. ఏ పని చేతనైతదో ఎవ్వలు సూడలే" అందామె. పొగాకు దుమ్ములో వాడు కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పని అడిగితే, పింఛన్ వస్తుంది కదా అన్నారట. నెలకు 4,016 రూపాయల పింఛన్ అవసరమే. కానీ దాన్ని పని ఇవ్వకపోవడానికి సాకు చేసుకోవడం అన్యాయం.

జగిత్యాల కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చిన వికలాంగులతో మాట్లాడాను. చేతుల్లో పింఛన్ దరఖాస్తులు, మూడు చక్రాల బండి కోసం అర్జీలు. పని అడగొచ్చన్న ఆలోచనే చాలామందికి కొత్తగా తోచింది.

సిరిసిల్ల పక్కనే టెక్స్‌టైల్ పార్కు ఉంది, పెద్దూరులో అపెరల్ పార్కు ఉంది. మడతపెట్టడం, దారపు కొసలు కత్తిరించడం, ప్యాకింగ్: ఇలాంటి పనులు అక్కడ ఎన్నో. యజమానులకు నా విన్నపం ఒక్కటే. యూనిట్‌కు ఒక్కరినైనా, కూలి ఇస్తూ, నేర్పే మనిషిని పక్కన పెట్టి, మూడు నెలలు చూడండి. ఒక పని కుదరకపోతే ఇంకో పని ఇచ్చి చూడండి.