ఎంటర్ ఎన్నిసార్లు నొక్కారు?

మా వీధి చివర పోస్టాఫీసు ఒక కిరాణా కొట్టు లోపలే ఉంటుంది. ముందు పాలు, బ్రెడ్, పేపర్లు. వెనక అద్దం చాటున తూకం, కంప్యూటర్. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కు వచ్చినప్పటి నుంచి అమ్మకు స్వెట్టర్లు, మేనకోడలికి పుస్తకాలు అక్కణ్ణుంచే పంపుతున్నాను. నడిపేది గుజరాతీ దంపతులు. 2024 జనవరిలో పోస్టాఫీసు కేసుల మీద ఐటీవీ సీరియల్ వచ్చిన వారం, నా పార్సిల్ తూస్తూ ఆవిడ కంప్యూటర్ వైపు చూపించారు. "రోజూ సాయంత్రం లెక్క సరిచూసేటప్పుడు చేతులు వణికేవి భయ్యా" అన్నారు హిందీలో.

ఆ వణుకు వెనక కథ ఇది. 1999 నుంచి ఇక్కడి పోస్టాఫీసుల లెక్కలు హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి మారాయి. తయారీ ఫుజిత్సు కంపెనీది. సొరుగులో డబ్బు తెర మీద అంకె కంటే తక్కువ ఉంటే, ఆ తేడా కొట్టువాళ్లు సొంత డబ్బుతో కట్టాల్సి వచ్చేది. కట్టలేనివారి మీద దొంగతనం, దొంగలెక్కల కేసులు. 2015 దాకా 900 మందికి పైగా దోషులయ్యారు. వాటిలో ఎక్కువ కేసులు పెట్టింది పోలీసులు కాదు, పోస్టాఫీసు సంస్థే. సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపిన సీమా మిశ్రా 74,000 పౌండ్లు కాజేశారని తేల్చి 2010 నవంబరులో 15 నెలల శిక్ష వేశారు. అప్పుడామె గర్భవతి. ఆ రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అందుకే నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది 2015లో స్కాట్లండ్‌లోని డాల్మెలింగ్టన్‌లో జరిగిన చిన్న సంగతి. అక్కడి పోస్ట్‌మిస్ట్రెస్ 8,000 పౌండ్లు తన మరో కౌంటర్‌కు చేరినట్టు నమోదు చేస్తోంది. తెర బిగుసుకుపోయింది. ఎవరైనా ఏం చేస్తారు? మళ్లీ ఎంటర్ నొక్కుతారు. ఆమె కూడా అదే చేసింది. నొక్కిన ప్రతిసారీ ఇంకో 8,000 ఎక్కింది. చివరికి 24,000 పౌండ్లు తేడా! మా టీములో కొత్తగా చేరిన పిల్లలకు తొలి వారంలోనే చెబుతాం, సేవ్ బటన్ వరసగా రెండుసార్లు నొక్కి చూడమని. ఆ పాటి పరీక్షకు నిలవని లెక్కను నమ్మి మనుషుల్ని జైలుకు పంపారు.

తప్పుల్లేని సాఫ్ట్‌వేర్ ఉండదని నాకు తెలుసు. నాకు మింగుడుపడనిది చట్టం. 1984 నాటి పోలీసు, నేర సాక్ష్య చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని కోర్టుకు తెచ్చినవాళ్లే ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని చూపించాలి. అన్ని ఆఫీసుల్లోకీ కంప్యూటర్లు వచ్చేశాక ఇదొక అడ్డంకిగా కనిపించింది. తీసేయమని లా కమిషన్ 1997లో సిఫారసు చేసింది. కంప్యూటర్‌లో తప్పు దొర్లితే చాలావరకు వెంటనే తెలిసిపోతుంది, లేదా అది మనిషి తప్పుగా ఎక్కించినదై ఉంటుంది అన్నది అప్పటి వాదన. ఆ వాదన తప్పని నా పనిలో వారం వారం చూస్తుంటాను. అయినా 1999లో పార్లమెంటు ఆ సెక్షన్ రద్దు చేసింది. హొరైజన్ పోస్టాఫీసుల్లోకి వచ్చిన సంవత్సరమూ అదే.

అప్పటి నుంచి కంప్యూటర్ సరిగానే పనిచేసిందని కోర్టు ముందే అనుకుంటుంది. కాదనేవాళ్లు ఆధారం చూపాలి. ఆధారం ఉండేది లోపాల చిట్టాలో. ఆ చిట్టా ఫుజిత్సు చేతిలో. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "ఈ సమస్య మీకొక్కరికే వచ్చింది" అనేవారట. ఎంతమందితోనో అదే మాట అన్నారు.

ఒకప్పుడు పోస్టాఫీసు నడిపిన అలన్ బేట్స్‌తో సహా 555 మంది కోర్టుకెక్కాక, 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ హొరైజన్ లోపాలను తీర్పులోకి ఎక్కించారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు సీమా మిశ్రాతో సహా 39 మందిని నిర్దోషులుగా తేల్చింది. సీరియల్ చూసి దేశమంతా మండిపడ్డాక, 2024 మేలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందల శిక్షలు కొట్టేసింది. అప్పటికే చాలా ఇళ్లు కూలిపోయాయి. ఈ వ్యవహారం వల్ల కనీసం 13 మంది ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చని దీని మీద వేసిన విచారణ సంఘం 2025 జూలైలో చెప్పింది. ఇక కంప్యూటర్‌ను ముందుగానే నమ్మే ఆ నియమాన్ని ఏం చేయాలో చెప్పండని ప్రభుత్వం జనాన్ని అడిగింది 2025 జనవరిలో. ఇంత ఆలస్యాన్ని నేను క్షమించలేను.

గుంటూరులో వకీలుగా ఉన్న మా బాబాయి కొడుక్కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. "మన దగ్గర సర్టిఫికెట్ లేనిదే పెన్‌డ్రైవ్ ముట్టుకోరు అన్నయ్యా" అన్నాడు. నిజమే. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 63వ సెక్షన్. ఇప్పుడు నిపుణుడి సంతకం కూడా కావాలి. కానీ కోర్టు గడప దాకా రాని నిర్ణయాల మాటేమిటి? తెలంగాణలో కంప్యూటర్ వడపోతను నమ్మి, నోటీసైనా ఇవ్వకుండా దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు తీసేశారు. ఇంటింటికీ వెళ్లి మళ్లీ సరిచూడమని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. బియ్యం ఆగిపోయిన ఇంట్లో ఎవరు ఏ చిట్టా అడుగుతారు?

మా పనిలో ఒక మాట ఉంది: "నాట్ రీప్రొడ్యూసిబుల్". ఒక్కరికే వచ్చింది, మళ్లీ రాలేదు అని టికెట్ మూసేయడం. నేనూ అలా మూశాను. ఇప్పుడు మూయడం లేదు. టెస్టింగ్‌లో, సపోర్ట్‌లో ఉన్న మన పిల్లలు వేలల్లో ఉన్నారు. మీకు నా విన్నపం ఒక్కటే: టికెట్ మూసే ఆ బటన్ నొక్కే ముందు, అవతల ఉన్న మనిషికి ఒక్కసారి ఫోన్ చేయండి.