ఓడలకు అభయమిచ్చిన ఊరు

కారు దిగగానే మావాడు చుట్టూ చూసి అడిగాడు... ‘ఓడరేవు ఏదీ?’ అని. ఎదురుగా నాలుగు పెంకుటిళ్లు, వేపచెట్టు నీడలో రెండు గేదెలు, దూరంగా సరుగుడు తోటలు. ఓడ కాదు కదా, రేవు ఆనవాళ్లు కూడా కనిపించలేదు.

వెనక సీట్లోంచి మెల్లగా దిగుతున్న మా నాన్న మాత్రం నవ్వారు. ముప్ఫై ఏళ్లపాటు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా కాకతీయుల పాఠం చెప్పారాయన. ఏటా బోర్డు మీద ‘మోటుపల్లి’ అని రాసేవారు, కానీ ఊరు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఈమధ్య మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు’ అనుకుని ఓ సెలవురోజు విజయవాడ నుంచి తెల్లవారుజామునే బయల్దేరాం.

చీరాలలో టిఫిన్ చేశాం. వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కుని, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని బయటినుంచే చూసి ముందుకు సాగాం. చినగంజాం దగ్గరికొచ్చేసరికి ఉప్పుమడులు, ఎండలో మెరిసే తెల్లటి ఉప్పు కుప్పలు. అక్కణ్నుంచి మోటుపల్లికి చిన్న రోడ్డు.

ఇంత ప్రశాంతంగా ఉన్న ఈ ఊరి పేరు ఒకప్పుడు ఇటలీ దాకా వెళ్లిందంటే నమ్మగలరా? 13వ శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో దీన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. ఇక్కడి వజ్రాల గురించీ సాలెగూడంత సన్నని బట్టల గురించీ చెప్పాడు. న్యాయంగా పాలించే రాణి అంటూ అతను మెచ్చుకున్నది మన రుద్రమదేవినేనని చరిత్రకారులు చెబుతారు.

వీరభద్రస్వామి గుడి దగ్గరే ఉంది మేం వెతుక్కుంటూ వచ్చిన రాయి. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం. నాన్న కళ్లజోడు తుడుచుకుని దగ్గరగా వంగారు. ఒక్క అక్షరమూ అందలేదు. పాత లిపి, పైగా అరిగిన రాయి. ఇంతదూరం వచ్చింది ఇందుకేనా అని ఆయన ముఖం చిన్నబోయింది. చూళ్లేక నేను పక్కకు తిరిగాను.

అప్పుడే మావాడు, ‘తాతయ్యా, అందులో ఏం రాసుంది?’ అన్నాడు. అంతే... మాస్టారు నిటారుగా నిలబడ్డారు. రాయి చూడకుండానే పాఠం మొదలైంది.

‘పూర్వం గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ కనిపిస్తే, అందులో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు... అన్నీ రాజులే లాక్కునేవాళ్లురా. అసలే సర్వం పోగొట్టుకున్నవాడు, ఆపైన ఈ దోపిడీ! గణపతిదేవుడు అది వద్దన్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని అందరికీ తెలిసేలా రాయి మీద చెక్కించాడు.’

‘అంటే... పడిపోయినవాళ్ల బ్యాగు తీసుకోకూడదనా?’ అన్నాడు మావాడు. నాన్న పకపకా నవ్వారు. ‘అదేరా, అదే!’ అన్నారు.

మంచిగంధం, కర్పూరం, పట్టు, ముత్యాలు, మిరియాలు... ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా ఆ శాసనంలోనే ఉంది. కాకతీయుల తర్వాత రెడ్డిరాజులూ ఈ రేవును వదల్లేదు. 1358లో అన్నపోతరెడ్డి కూడా ఇక్కడ వర్తకులకు రాయితీలిస్తూ శాసనం వేయించాడు.

సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్లాం. ఇసుకలో నడవడానికి నాన్న ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి మనవడి భుజం మీద వేశారు. హోటళ్లు లేవు, ఐస్‌క్రీం బండ్లు లేవు. అలల చప్పుడు, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన, అంతే. తుపాను కబురు ఇప్పుడు ముందే ఫోనులో తెలుస్తోందట. ‘అయినా మావోడు ఏటకెళ్తే, పడవ ఒడ్డుకొచ్చిందాకా అన్నం సయించదు బాబూ’ అన్నాడు. ఎనిమిది వందల ఏళ్లనాడు ఆ రాజు చెక్కించిన మాట ఈ భయం తెలిసే కదా అనిపించింది. మా దగ్గరున్న సీసాలో నీళ్లు అయిపోయాయని చూసి, అడక్కుండానే తన బిందె మా ముందుకు జరిపాడాయన.

తిరుగు ప్రయాణంలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చీరాల దాటాక అన్నారు... ‘ఆ పాఠం ఇప్పుడు చెప్పమంటే ఇంకాస్త బాగా చెబుతానురా.’

ఎలా వెళ్లాలంటే... మోటుపల్లి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది. విజయవాడ-గూడూరు రైలు మార్గంలో చినగంజాం స్టేషన్ ఉన్నా, ఎక్కువ రైళ్లు ఆగేది చీరాలలోనే. బస చీరాలలో చూసుకోవడం మంచిది. మంచినీళ్లు, తినుబండారాలు వెంట తీసుకెళ్లండి. చిన్నపిల్లల్ని సముద్రంలో దించొద్దు. వీలైతే పెద్దవాళ్లనూ తీసుకెళ్లండి. రాయి మీద అక్షరాలు మీకు అర్థం కాకపోయినా, పక్కన చెప్పేవాళ్లుంటారు.