ఉప్పాడ ఇసుకలో పాత పడవల బేరం

ఏప్రిల్ 15 వచ్చిందంటే ఉప్పాడ ఒడ్డున పడవలకు చోటు చాలదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా జూన్ 14 వరకూ, 61 రోజులపాటు, మర పడవలూ మోటారు పడవలూ వేటకు వెళ్లకుండా నిషేధం ఉంటుంది. వలలు అల్లుకోవడానికి, పిల్లల పెళ్లిళ్లు చేయడానికి, అప్పుల లెక్క తేల్చుకోవడానికి జాలర్లకు దొరికే తీరిక ఇదే. పాత పడవల బేరాలకూ ఇదే అదను.

కొనడానికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఇతరుల పడవల్లో పనిచేసినవాళ్లే. వేటకైన ఖర్చు పోగా మిగిలింది పంచుకునేటప్పుడు పడవకూ వలకూ విడిగా వాటాలు తీస్తారు. ఆ వాటా తమ ఇంటికి రావాలన్నదే వారి ఆశ. కొత్త ఫైబర్ పడవ, ఇంజను, వల కలిపితే లక్షల మాట. అందుకే చూపు పాతదాని మీద పడుతుంది. బేరమాడేది మగవాళ్లే అయినా, చేపల తట్ట మోసే ఇల్లాలి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్తేగానీ చాలా ఇళ్లలో బయానాకు డబ్బు పుట్టదు.

కొత్తవాడి కళ్లు ముందు రంగు మీదికి పోతాయి. వెంట వచ్చిన మేనమామ మాత్రం ‘‘పైన కాదురా అల్లుడూ, అడుగు చూడు’’ అంటాడు. ఆయన మాటలో నిజముంది. ఇక్కడ పడవల్ని ఇసుక మీదికే లాగుతారు. రోజూ ఆ రాపిడికి అడుగు అరిగి, లోపలి ఫైబర్ పోగులు బయటపడతాయి. కొత్త రంగు వేస్తే అవి కొన్నాళ్లు కనబడవు. సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట కంగుమంటుంది, పొరలు విడిపోయినచోట బొద్దుగా పలుకుతుంది. ఇంజను బిగించే వెనక పలక ఇంకా కీలకం. ఫైబర్ లోపల చెక్క ఉంటే, బోల్టు రంధ్రాల్లోంచి దిగిన నీటికి అది కుళ్లిపోతుంది. ఇంజనును పట్టుకుని ఊపినప్పుడు పలక కదిలితే ఆ బేరం వదులుకోవడమే మేలు. అదే కొలత పడవ కన్నా దీన్ని తోయడానికి మనుషులు ఎక్కువ కావాల్సి వస్తే, లోపలెక్కడో నీరు చేరిందనే అర్థం. 2004 సునామీ తర్వాత తీరమంతటా హడావుడిగా పోతపోసి పంచిన ఫైబర్ పడవల నాణ్యతపై అప్పట్లోనే విమర్శలొచ్చాయి.

ఇంజను సంగతి ఇంత కష్టం కాదు. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచకుండా, చల్లగా ఉన్నప్పుడే తమ ముందు స్టార్ట్ చేయించాలి. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. పడవలు అమ్మకానికి వచ్చే కాలంలోనే వాటిని సముద్రంలో నడిపి చూసే వీల్లేదు. నిషేధం లేని రోజుల్లోనైనా కొందరు కాకినాడ వైపు తీసుకెళ్లి చూపిస్తారు. అక్కడ హోప్ ఐలండ్ అడ్డు ఉండటంతో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఉప్పాడలో అలలు నేరుగా వచ్చి ఒడ్డును కొడతాయి, బీచ్ రోడ్డునే ఎన్నిసార్లు కోసేశాయో. పడవ సత్తా తెలిసేది ఇక్కడే. అందుకే తెలివైనవాళ్లు నిషేధంలో బయానా మాత్రమే ఇచ్చి, మిగతాది జూన్ 15 తర్వాత వలా మనుషులతో ఒకసారి అల దాటి వచ్చాకే చెల్లిస్తామని పెద్దల ముందు ఒప్పించుకుంటారు. 1996 నవంబర్ 6 నాటి తుపానులో మనుషుల్ని పోగొట్టుకున్న తీరంలో ఈ జాగ్రత్తను ఎవరూ పిరికితనం అనరు.

కుర్రాళ్లు తేలిగ్గా తీసుకునేది కాగితాలనే. 2008లో ముంబైపై దాడి చేసినవాళ్లు ‘కుబేర్’ అనే చేపల పడవను చేజిక్కించుకుని వచ్చాక రిజిస్ట్రేషన్ తనిఖీలు బిగిశాయి. సబ్సిడీ డీజిల్‌కైనా, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రూ.20,000కు పెరిగిన వేట నిషేధ భృతికైనా పడవ నమోదై ఉండాలి. పేరు మారకుండా పడవ మాత్రమే చేతికొస్తే ఒడ్డున ఓనరు ఒకరు, ఆఫీసులో ఇంకొకరు. పాత యజమాని బ్యాంకు అప్పు తీర్చకుంటే తిప్పలు కొన్నవాడివే.

మిగతా సొమ్ము షావుకారు ఇస్తానంటాడు. వడ్డీ ఊసు ఎత్తడు, పట్టిన చేప తనకే వేయాలంటాడు, ధర కూడా తానే చెబుతాడు. అప్పుడు పడవ వాటా ఇంటికి వచ్చినట్టా, రానట్టా? ఇంటికి తిరిగొచ్చిన కుర్రాడిని భార్య అడిగే మొదటి ప్రశ్న అదే.